ప్రోకోప్ పెట్టిన గొట్టాలు

టెక్లా హరాసిమ్ ఇంటి బేస్‌మెంటులో, నీళ్ళ హీటరు ముందు నిలబడి హల్యా అగ్గిపుల్ల గీసింది. హీటరు నెత్తిన పొగగొట్టం మొదలయ్యే చోట టోపీలాంటి రేకు ఒకటి ఉంటుంది. దాని అంచు దగ్గర పుల్ల పట్టుకుంటే మంట లోపలికి వంగాలి. అప్పుడు పొగ పైకి పోతున్నట్టు. హల్యా పట్టుకున్న మంట మాత్రం ఆమె మొహం వైపు వంగి ఆరిపోయింది. ఇంకో పుల్ల గీసింది. అదీ అంతే.

"ఏమే అమ్మాయ్, ఉన్న అగ్గిపెట్టె కాస్తా అయిపోగొడతావా? దేవుడి దగ్గర దీపానికైనా ఉంచు" అంది టెక్లా మెట్ల మీద నుంచి. ఆమెకు ఎనభై దాటాయి. కుళాయి కారుతోందని పిలిస్తే హల్యా వచ్చింది. కిందికొచ్చాక హీటరు వైపు చూడకుండా పోవడం ఆమెకు చేతకాదు.

"పెద్దమ్మా, నీకు ఈమధ్య తలనొప్పేమైనా వస్తోందా?"

"రాకపోతేనే వింత. క్రిస్మస్ ఉపవాసాలు కదా! పాలు లేవు, మాంసం లేదు. ఈ వయసులో తల తిరగదూ? చర్చికి వెళ్తే చాలు, చేత్తో తీసేసినట్టు పోతుంది. అంతా ఆయన మహిమ."

"పొగ విషాన్ని పసిగట్టే అలారం ఏదీ?"

"అదా! రెండేళ్ళ కింద ఒకటే మోత. మీ నాన్నకి ఫోన్ చేశాను. ఉల్లిపాయలు వేయించినా మోగుతుంది, బ్యాటరీ పీకెయ్ అన్నాడు. పీకేశాను. పైగా ఈ ఏడాది కిటికీలన్నిటికీ ప్లాస్టిక్ బిగించుకున్నాను చూడు, చీమంత చలి కూడా రావడం లేదు."

హల్యా అగ్గిపెట్టె జేబులో వేసుకుంది. తల తిప్పి చిమ్నీ వైపు చూసింది. ఇటుక చిమ్నీ, లోపల మనిషి తల పట్టేంత వెడల్పు. ఒకప్పుడు ఇంటిని వెచ్చబరిచే పాత ఫర్నేసూ, ఈ నీళ్ళ హీటరూ రెండూ పొగను అందులోకే వదిలేవి. ఫర్నేసు పొగ వేడికి చిమ్నీ ఎప్పుడూ కాలుతూ ఉండేది. ఆరేళ్ళ కింద పాతది తీసి కొత్త ఫర్నేసు పెట్టారు. దాని పొగ చల్లగా ఉంటుంది కాబట్టి తెల్లటి ప్లాస్టిక్ గొట్టాల్లోంచి గోడ బయటికి పోతుంది. చిమ్నీలో హీటరు ఒక్కటే మిగిలిపోయింది. ఇలా మిగిలిన దాన్ని ఈ పనివాళ్ళు అనాథ అంటారు. దాని చిటికెడు పొగకు అంత పెద్ద చిమ్నీ వేడెక్కదు. పొగ సగం దూరం వెళ్ళి, చల్లబడి, వచ్చిన దారినే ఇంట్లోకి దిగుతుంది. గడ్డకట్టే చలిలోనైతే దానిలోని తేమ చిమ్నీ మూతి దగ్గర మంచై కూర్చుని ఉన్న దారి కూడా మూసేస్తుంది. మందేమంత పెద్దది కాదు. చిమ్నీ లోపల లైనరు అనే సన్నటి రేకు గొట్టం ఒకటి దించాలి. పూటలో అయిపోయే పని.

ఆ పూట పని ఇక్కడ జరగలేదు. కొత్త ఫర్నేసు మీద అంటించిన చీటీలో తమ ఇంటిపేరు 'బోజిక్' ఉంది, తండ్రి ప్రోకోప్ చేతిరాతలో.

తెల్ల గొట్టాల పని చూస్తే మాత్రం కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. అడుగుకి పావంగుళం చొప్పున ఫర్నేసు వైపు వాలు, లోపలూరే నీళ్ళు వెనక్కి కారేందుకు. ప్రతి అతుకుకీ ముందు ఊదారంగు మందు, ఆ తర్వాత జిగురు. బయట గొట్టం మూతి కిటికీలకి దూరంగా, ఎంత మంచు పేరుకున్నా మునగనంత ఎత్తులో. తనిఖీకి వచ్చినాయన టేపు పెట్టి కొలిచి, శభాష్ అని, కాఫీ తాగి వెళ్ళి ఉంటాడు. కొత్తదాని మీద అంత శ్రద్ధ పెట్టిన మనిషి పాతదాని వైపు తలైనా తిప్పలేదు.

హల్యా హీటరుకి గ్యాసు కట్టేసి, వాడొద్దని ఎర్ర చీటీ తగిలించింది. టెక్లా లబోదిబోమంది.

"ఎల్లుండి పండగ పెట్టుకుని వేడినీళ్ళు ఆపేస్తావుటే? పన్నెండు రకాలు వండాలి, పద్నాలుగు మంది వస్తున్నారు! మీ నాన్న పెట్టింది తీసెయ్యడానికి నువ్వెవతివి?"

"కొన్నాళ్ళు కుండలో కాచుకో పెద్దమ్మా. లైనరు తెప్పించి నేనే వేస్తాను" అంది హల్యా. ప్లాస్టిక్ చింపి కిటికీ తెరిచి, తన ట్రక్కులోంచి అలారం తెచ్చి గోడకు కొట్టి మరీ వెళ్ళింది. తను ట్రక్కు ఎక్కకముందే టెక్లా నాన్నకి ఫోన్ చేస్తుందని ఆమెకు తెలుసు.

హల్యా వయసు నలభై నాలుగు. రేకు కత్తిరించడం, గొట్టం అతకడం అన్నీ తండ్రి దగ్గరే నేర్చుకుంది. తర్వాత ఎనిమిదేళ్ళు ఉత్తరాన చమురు బావుల దగ్గర పనిచేసింది. సరిగ్గా ఆ ఎనిమిదేళ్ళలోనే ఊళ్ళోకి ప్లాస్టిక్ గొట్టాల ఫర్నేసులు దిగాయి. ప్రోకోప్ ఒక్కడే వాటిని ఇంటింటికీ పెట్టాడు. ఎన్ని ఇళ్ళలో చిమ్నీని అలా వదిలేశాడో ఆయనకే తెలియాలి. ఇప్పుడు దుకాణం కూతురిది. ఊరి మాట మాత్రం ఇంకా ఆయనదే.

సాయంత్రం చర్చి హాలు వెనక ఆయన్ని పట్టుకుంది. లోపల ఆడవాళ్ళు పండక్కి కజ్జికాయల్లాంటి పెరోగీలు చుడుతున్నారు. డెబ్భై ఆరేళ్ళ ప్రోకోప్ పారతో మెట్ల మీద మంచు ఎత్తిపోస్తున్నాడు.

"టెక్లా ఫోన్ చేసింది" అన్నాడు పార ఆపకుండా. "ముసలిదాన్ని పండగపూట ఏడిపించావట."

"మంట బయటికి వంగింది నాన్నా. రెండుసార్లు."

"నీ చెయ్యి వణికుంటుంది."

"నా చేతికేం జబ్బు లేదు. చిమ్నీలో లైనరు దించకుండా ఎలా వదిలేశావ్?"

"అరవై ఏళ్ళు పొగ లాగింది ఆ చిమ్నీ. మా నాన్న ఇటుక ఇటుక పేర్చి కట్టాడు. నిన్నగాక మొన్న పుస్తకాలు రాసినవాళ్ళు చెప్తే లాగడం మానేస్తుందా?"

"ఇంకా ఎన్ని ఇళ్ళు ఇలా ఉన్నాయి?"

 ప్రోకోప్ పార గోడకి కొట్టి మంచు దులిపాడు.

"నాన్నా, ఎల్లుండి చలి మైనస్ ముప్ఫై ఆరంటున్నారు. ఇంటినిండా జనం. పొద్దున్నించి పొయ్యిలు, అంట్లు, వేడినీళ్ళు. తలుపులన్నీ బిగించి వంటింటి ఫ్యాన్ వేస్తారు. ఆ ఫ్యాను గాలి ఎక్కణ్ణించి లాగుతుందో నాకు నేర్పింది నువ్వే. చిమ్నీలోంచే కదా? పేర్లు చెప్పు చాలు. నేనే తిరుగుతాను."

"తిరిగి ఏమంటావ్? మా నాన్న పని చేతకానివాడని ఊరంతా చాటింపేస్తావా?"

"నిన్నెవడన్నాడు! చిమ్నీ సంగతి చెప్తాను."

"చిమ్నీ అంటే నేనే ఈ ఊళ్ళో" అన్నాడాయన. కళ్ళు ఎర్రబడ్డాయి. "పో, ఇంటికెళ్ళు. అమ్మ నీకోసం కూర దాచింది."

ఆ రాత్రి ఆమె ఎంత తిట్టుకుందో గోడలకే తెలుసు. తెల్లారగానే తనిఖీ ఆఫీసుకి ఫోన్ చేస్తే, పాత కాగితాలు రాజధానిలో ఉన్నాయనీ, తీయించడానికి రెండు వారాలు పడుతుందనీ చల్లగా చెప్పారు. అక్కడ కూర్చున్నవాళ్ళకి చావు కూడా వరసలో నిలబడి రావాలి కాబోలు. హల్యా చర్చి హాలు తలుపు మీద కాగితం అంటించింది: కొత్త ఫర్నేసు పెట్టించుకుని నీళ్ళ హీటరు పాత చిమ్నీకే ఉంచినవాళ్ళు వెంటనే పిలవండి, ఉచితంగా చూస్తాను. ఒక్కరూ పిలవలేదు. గోడ బయట తెల్ల గొట్టం కనిపించిన ఇంటి తలుపు తట్టింది. తొమ్మిది ఇళ్ళు ఎక్కి దిగింది. ముగ్గురు లోపలికి రానిచ్చారు. ఆ మూడిట్లో రెండు చోట్ల మంట బయటికే వంగింది, ఎర్ర చీటీ తగిలించింది. మిగతా ఆరు ఇళ్ళలో గుమ్మంలోనే మర్యాదలు జరిగాయి.

"మీ నాన్నని అడిగాం హల్యా. బాగానే ఉందన్నాడు."

"లైనర్ల కంపెనీవాళ్ళు నీకేమైనా కమీషన్ ఇస్తున్నారా ఏంటి?" అన్నాడు ఒక పెద్దమనిషి నవ్వుతూ. ఆయన నోట్లో సిగరెట్టు పీకి విసిరేయాలనిపించింది ఆమెకు. "ఒక్క అగ్గిపుల్ల గీసి చూస్తాను బాబాయ్" అని బతిమాలుకుంది. "పండగ వెళ్ళాక రామ్మా" అని తలుపు వేసేశాడు.

అగ్గిపుల్ల కంటే ప్రోకోప్ మాట ఎక్కువ ఆ ఊరికి. ఆయన ఒక్కసారి అవునంటే తలుపులన్నీ తెరుచుకుంటాయి. ఆ ఒక్క మాట కోసం జనవరి ఆరో తారీకు సాయంత్రం, పాత కేలండరు లెక్కన క్రిస్మస్ ముందురోజున, హల్యా పుట్టింటికి బయల్దేరింది. పండగ భోజనం తినే ఆశ ఆమెకు లేదు.

నాలుగున్నరకే చీకటి పడింది. బల్ల మీద గుడ్డ కింద ఎండుగడ్డి పరిచారు. తేనె, గసగసాలు కలిపిన గోధుమల కుత్యా మధ్యలో పెట్టారు. మొదటి చుక్క పొడిచాక గానీ ఎవరూ ముద్ద ముట్టకూడదు. ప్రోకోప్ కొత్త చొక్కా వేసుకుని కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూస్తున్నాడు. కూతురితో పలకలేదు. వంటింట్లోంచి తల్లి నస్త్యా కేకేసింది.

"హల్యా, కిందనుంచి ఉప్పు పుట్టగొడుగుల సీసా ఒకటి పట్రావే!"

మెట్లు దిగుతుంటేనే చలి కాళ్ళకి చుట్టుకుంది. బేస్‌మెంటు ఎప్పుడూ ఇంత చల్లగా ఉండేది కాదు. లైటు వేసి చూసింది. నీళ్ళ హీటరు పక్కన గోడకు పైన ఉన్న చిన్న కిటికీ జానెడు తెరిచి ఉంది. మూసుకుపోకుండా చెక్క ముక్క పెట్టి మేకు కొట్టారు. లోపలికి మంచు కొట్టకుండా రేకుతో చూరు చేసి బిగించారు. పక్కనే పోయే నీళ్ళ గొట్టం గడ్డకట్టకుండా దానికి పాత కోటు చేతులు కత్తిరించి చుట్టారు. హీటరు పైన గోడకి ఒకటి కాదు, రెండు అలారాలు. రెండిటిలోనూ పచ్చ దీపం వెలుగుతోంది.

ఇది ఒక్కరోజులో చేసింది కాదు. కోటు గుడ్డ మీద దుమ్ము పేరుకుని ఉంది.

హల్యా ఆ దుమ్ము మీద వేలితో గీత గీసింది. ఇన్నాళ్ళూ తండ్రికి తెలియదనుకుంది. ముసలితనం, మొండితనం, కొత్తది తలకెక్కదు అనుకుని సరిపెట్టుకుంది. ఆయనకి తెలుసు. తన ఇంటి వరకు కిటికీ తెరుచుకుని, ఊరికి మాత్రం బాగానే ఉందని చెప్పాడు.  సీసా తీసుకోకుండానే పైకి వచ్చింది.

"ఆ కిటికీ ఎప్పుడు తెరిచావ్ నాన్నా?"

ప్రోకోప్ కిటికీ అద్దం మీది చెమ్మ చేత్తో తుడిచాడు.

"నిరుడు ఫిబ్రవరిలో" అంది నస్త్యా గరిటె తుడుస్తూ. "మూయొద్దన్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఇల్లు వెచ్చబడక చస్తున్నాం."

"నువ్వూరుకో" అన్నాడు ప్రోకోప్. తర్వాత గొంతు తగ్గించాడు. "అలారం మోగింది. పుల్ల గీసి చూశాను. నా వైపే వంగింది."

"తెలిసీ ఎవరికీ చెప్పలేదు!"

"ఒక ఇంట్లో తప్పు చేశానంటే ఇరవై ఆరిళ్ళలో చేశానని చెప్పాలి. యాభై ఏళ్ళు ఈ ఊళ్ళో పనిచేశాను హల్యా. ఒక్కడంటే ఒక్కడు వేలెత్తి చూపలేదు."

"టెక్లా పెద్దమ్మకి బ్యాటరీ మళ్ళీ పెట్టుకోమనైనా చెప్పలేకపోయావా?"

"ఎందుకని అడగదూ?"

 ఆయన కూతురి వైపు తిరిగి, బతిమాలుతున్నట్టు చేతులు చాపాడు. "ఊరికే ఉన్నాననుకోకు. ప్రతి ఆదివారం చర్చిలో వెనక నిలబడి ఒక్కొక్కరినీ చూసుకుంటున్నాను. ఇరవై ఆరిళ్ళవాళ్ళూ వస్తున్నారు. ఎవరికీ ఏమీ కాలేదు కదా."

"ఎవరైనా రాని ఆదివారం ఏం చేద్దామనుకున్నావ్?"

"రేపు చెప్తాను పేర్లన్నీ. పండగ గడవనీ. చుక్క పొడిచింది, రా, కూర్చో" అని ఆయన కుర్చీ లాక్కున్నాడు.

అప్పుడే ఊరి మధ్యలో అగ్నిమాపకశాల సైరను మొదలైంది. నస్త్యా సిలువ గుర్తు వేసుకుంది. ప్రోకోప్ సగం కూర్చున్నవాడల్లా ఆగిపోయాడు.

"సెమ్కో వాళ్ళు" అన్నాడు.

సైరను ఎవరింటికో ఎవరూ చెప్పలేదింకా. ఫోన్ కూడా మోగలేదు.

"వాళ్ళ చిమ్నీ బయటి గోడకి ఉంది. ఎండ తగలదు. మొన్న శరదృతువులో పెద్ద ఫ్యాను పెట్టించుకున్నారు వంటింట్లో" అని, ఎవరో అడిగినట్టు వివరంగా చెప్పి, కుర్చీలో కూలబడ్డాడు.

సెమ్కో ఇల్లే. అగ్నిమాపకశాలలో ఉండే కుర్రవాళ్ళు హల్యాకు ఫోన్ చేసి గ్యాసు ఎక్కడ కట్టేయాలో అడిగారు. అందర్నీ మంచులోకి ఈడ్చుకొచ్చారట. భార్యాభర్తలు, చంటిపిల్ల కళ్ళు తెరిచారు. వంటింటి వెనక గదిలో కాస్త నడుం వాల్చిన సెమ్కో తల్లి యవ్‌దోఖా మాత్రం తెరవలేదు.

హల్యా కోటు వేసుకోబోయి ఆగింది. అక్కడ చేయడానికి ఏమీ లేదు. ఇంకా ఇరవై ఐదు ఇళ్ళున్నాయి. వాటిలో ఆమె గ్యాసు కట్టేసినవి మూడే. బల్ల మీద ప్లేటు పక్కకి తోసి, కాగితం, పెన్ను పెట్టింది.

"చెప్పు."

ఆయన చెప్పాడు. వీధి, ఇంటి నంబరు, పేరు. ఎక్కడా తడుముకోలేదు. ఏ ఇంట్లో ముసలివాళ్ళున్నారో, ఎవరు కిటికీలు బిగించుకున్నారో, ఎవరి చిమ్నీ ఉత్తరం గోడకి ఉందో అన్నీ వరసగా చెప్పుకుపోయాడు. ప్రతి రాత్రీ జపం చేసినవాడికి తప్ప అంత ధారగా రావు. ఆమె మొదటి నంబరుకి ఫోన్ చేసింది.

"మీ నాన్నగారినడిగి..." అన్నారు అవతల.

ఫోన్ తండ్రి చెవి దగ్గర పెట్టింది. "నువ్వే చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు."

ప్రోకోప్ గొంతు సవరించుకున్నాడు. "నేను, ప్రోకోప్‌ని. క్రీస్తు పుట్టాడు! ఆఁ... ఏం లేదు. కిటికీలు తెరిచి, కింద నీళ్ళ హీటరు ఆపి, కాసేపు పక్కింటికి వెళ్ళండి. మా అమ్మాయి కొంచెం కంగారు మనిషి, తెలుసు కదా. దాని తృప్తి కోసం. నా మాట మీద వెళ్ళండి."

వెళ్ళారు. ఆ మాట మీద అందరూ వెళ్ళారు. హల్యా పళ్ళు నూరింది. ఫోన్ లాక్కుని నిజం చెప్పాలనుకుంది. కానీ తను చెప్తే నమ్మరు, వాదిస్తారు, వాదించేలోగా ఇల్లు పొగతో నిండుతుంది. ఇంకో నంబరు కలిపి ఆయనకే ఇచ్చింది. ఇరవై రెండుసార్లు ఇచ్చింది. ఇరవై రెండుసార్లూ ఆయన అదే అబద్ధం చెప్పాడు. పదో ఇంటికొచ్చేసరికి గొంతులో వణుకు కూడా పోయింది. "చలి విపరీతంగా ఉంది కదా, నాకే అనుమానం వచ్చింది" అనడం మొదలుపెట్టాడు.

యవ్‌దోఖా అంత్యక్రియల తర్వాత చర్చి హాల్లో భోజనాలు పెట్టారు. హల్యా తనిఖీ ఆఫీసుకి ఇరవై ఆరు పేర్లూ, పెట్టినవాడి పేరూ రాసి పంపి రెండు రోజులైంది. ఆ కాగితానికి జవాబొచ్చే లోపల ఊరు తన కథ తాను అల్లేసుకుంది. జనం వరసకట్టి ప్రోకోప్ చెయ్యి పట్టుకుంటున్నారు.

"నీ ఫోన్ రాకపోతే మేమూ ఆవిడతోనే పోయేవాళ్ళం."

"ముందే పసిగట్టావు చూడు. అదీ అనుభవమంటే."

ఆయన తల వంచుకుని, కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు. చూసేవాళ్ళకి అది వినయం. సెమ్కో కూడా వచ్చి, ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాడు. ప్రోకోప్ అతని వీపు నిమిరాడు. ఎదురుగా నిలబడిన హల్యా చేతిలో ప్లేటు బల్ల మీద పెట్టేసింది.

టెక్లా కర్ర పొడుచుకుంటూ వచ్చి ఆమె చెయ్యి గిల్లింది. తలనొప్పి పూర్తిగా పోయిందట, మొహం కళకళలాడుతోంది.

"ఎర్ర చీటీలు తగిలించుకుంటూ ఊరంతా హడలగొట్టడం కాదే అమ్మాయ్. చివరికి ప్రాణాలు కాపాడింది ఎవరు? నీకెప్పటికొస్తుందే మీ నాన్న చెయ్యి?"

హల్యా తండ్రి వైపు చూసింది. ఆయనకి వినిపించింది. కప్పులోంచి తల ఎత్తలేదు.

"నాకు రాకూడదు పెద్దమ్మా" అంది.

టెక్లా సరిగ్గా వినలేదు. వస్తుందిలే, వస్తుందిలే అని ఆమె బుగ్గ తట్టి, ప్రోకోప్ చెయ్యి పట్టుకోవడానికి వరసలో నిలబడింది.